ఆ గడప మళ్లీ తొక్కలేదు

అమెరికా అధ్యక్ష పీఠం కథ: నాలుగో భాగం

1789 ఆగస్టు 22, శనివారం. న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లోని ఫెడరల్ హాల్‌లో సెనేట్ సమావేశమై ఉంది. వాషింగ్టన్ నగరం ఇంకా పుట్టలేదు, దేశానికి రాజధాని న్యూయార్కే. సెనేటర్లు అందరూ కలిపి 22 మంది. ఉత్తర కరోలినా, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాన్ని ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి వాళ్ల తరఫున ఎవరూ లేరు. తలుపులు వేసుకుని జరుపుకునే సభ అది. బయటి జనానికీ పత్రికల వాళ్లకూ ప్రవేశం లేదు. అయినా ఆనాటి సంగతి మనకు ఇంత వివరంగా తెలిసిందంటే అది పెన్సిల్వేనియా సెనేటర్ విలియం మెక్లే పుణ్యం. ఆయనకు డైరీ రాసే అలవాటుంది. ముక్కుసూటి మనిషి, నోరు దురుసు, ఒక పట్టాన ఎవరినీ మెచ్చడు. ఇలాంటి వాళ్లు స్నేహితులుగా కష్టంగానీ చరిత్రకారులకు మాత్రం దేవుడిచ్చిన వరం.

అధ్యక్షుల వారు వచ్చారని ద్వారపాలకుడు చెప్పాడు. జార్జి వాషింగ్టన్ లోపలికొచ్చి సభాధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. రోజూ ఆ కుర్చీలో కూర్చునే ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కిందికి దిగి పక్కన మరో కుర్చీలో సర్దుకున్నాడు. వాషింగ్టన్ వెంట యుద్ధ మంత్రి హెన్రీ నాక్స్ ఉన్నాడు. అధ్యక్షుడు లేచి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, దక్షిణాది ఇండియన్ (అమెరికా మూలవాసుల) తెగలతో చేసుకోబోయే ఒప్పందం విషయంలో మీ సలహా, సమ్మతి కోసం వచ్చానన్నాడు. నాక్స్ ఒక కాగితం తీసి ఆయన చేతికిచ్చాడు, ఆయన ఆడమ్స్‌కు ఇచ్చాడు, ఆడమ్స్ గబగబా చదివేశాడు.

ఆగస్టు ఉక్కకు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. కింద వీధిలో గుర్రపు బగ్గీల రొద. ఏదో ఇండియన్ల గురించి అని అర్థమైందేగానీ ఒక్క వాక్యం కూడా చెవిన పడలేదని మెక్లే రాసుకున్నాడు. కిటికీలు మూయమని ద్వారపాలకుడికి సైగలు వెళ్లాయి. పెన్సిల్వేనియా రెండో సెనేటర్ రాబర్ట్ మోరిస్ లేచి, చప్పుడులో వినబడలేదు, మరోసారి చదవమన్నాడు. చదివారు. చివర ఏడు అంశాలున్నాయి. మొదటి అంశం చెప్పి, ఆడమ్స్ వెంటనే సమ్మతి అడిగాడు.

సభ నిశ్శబ్దమైపోయింది. ముందు నోరు తెరిచేదెవరో చూద్దామని మోరిస్ మెక్లే చెవిలో గొణిగాడు. ఆడమ్స్ ఓటింగుకు పోబోతుండగా మెక్లేనే లేచాడు. ఈ వ్యవహారం సభకు కొత్త, పాత ఒప్పందాల పత్రాలు చూడకుండా ఎలా చెప్పగలం, ముందు అవి చదివించండి అన్నాడు. కూర్చుంటూ ఓరగా అధ్యక్షుడి వైపు చూశాడు. వాషింగ్టన్ ముఖం కందగడ్డలా ఉంది.

వరుసగా ఒక్కో అంశాన్నీ వాయిదా వేసుకుంటూ పోయారు. అంతటితో ఆగలేదు. కాగితాలన్నీ అయిదుగురి కమిటీకి అప్పగిద్దామని మోరిస్ ప్రతిపాదించాడు. దాన్ని సమర్థిస్తూ మెక్లే ప్రసంగం అందుకున్నాడు. వాషింగ్టన్ ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. తాను వచ్చిన పనే పాడైపోయిందన్నాడు. అన్నీ తెలిసిన యుద్ధ మంత్రిని వెంటబెట్టుకొస్తే ఇంకా కమిటీ దేనికని ఆయన బాధ. కాసేపటికి చల్లబడి, సోమవారానికి వాయిదా వేసుకుంటే అభ్యంతరం లేదన్నాడు. ముఖం ముడుచుకునే వెళ్లిపోయాడు.

మెక్లే అభ్యంతరమల్లా ఒక్కటే. అధ్యక్షుడు మన మధ్యన కూర్చుని, మంత్రిని పక్కన నిలబెట్టుకుంటే ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? స్వాతంత్ర్య సమరాన్ని గెలిపించిన సేనాని ముఖం చూస్తూ కాదనగలమా? అలాంటి చోట సలహా అనేది వట్టి తలూపడంగా మిగులుతుందని ఆయన భయం. నా లెక్కలో ఈ వాదన న్యాయమైనదే. వాషింగ్టన్ కోపానికీ కారణం లేకపోలేదు. సంధుల సంగతి కాగితాల మీద తేలేది కాదు, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిందే అని రెండు వారాల కిందట సెనేట్ కమిటీకి చెప్పింది ఆయనే. ఆ మాట ప్రకారమే వచ్చాడు.

సోమవారం నాడు వాషింగ్టన్ మళ్లీ వచ్చాడు. ప్రశాంతంగా కూర్చుని, విసుగుపుట్టించే చర్చంతా విన్నాడు. అంశాలు కొన్ని మార్పులతో నెగ్గాయి. ఆయన వెళ్లిపోయాడు. ఒక సంధి గురించి ముందస్తు సలహా అడగడానికి మళ్లీ ఎన్నడూ ఆ గడప తొక్కలేదు. బయటికొస్తూ, ఇంకోసారి ఇక్కడికొస్తే ఒట్టు అన్నంత మాట అన్నాడని తర్వాతి తరాల్లో చెప్పుకున్నారు. అన్నాడో లేదో గానీ చేసి చూపించాడు.

అసలు ఆ సంధి సంగతేమిటంటే, జార్జియా రాష్ట్రానికీ క్రీక్ తెగకూ భూముల తగాదా నడుస్తోంది. క్రీక్‌ల నాయకుడు అలెగ్జాండర్ మెక్‌గిల్లివ్రే స్పెయిన్ వాళ్ల అండ చూసుకుని నిలబడ్డాడు. సెనేట్‌లో అంత రభస జరిగాక వెళ్లిన రాయబారులు వట్టి చేతుల్తో తిరిగొచ్చారు. మరుసటి ఏడాది మెక్‌గిల్లివ్రేనే న్యూయార్క్ రప్పించి, 1790 ఆగస్టు 7న సంధి కుదిర్చారు. అందులో రహస్య షరతులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద సెనేట్ అభిప్రాయం వాషింగ్టన్ అడిగాడు, కాకపోతే ఉత్తరం రాసి అడిగాడు.

ఇంతకీ రాజ్యాంగం ఏం చెప్పింది? చెప్పింది చాలా తక్కువ. సెనేట్ సలహా, సమ్మతులతో అధ్యక్షుడు సంధులు చేసుకోవచ్చు, హాజరైన సెనేటర్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. రాయబారుల్ని సెనేట్ ఆమోదంతో నియమించవచ్చు. పరాయి దేశాల రాయబారుల్ని అధ్యక్షుడు స్వీకరిస్తాడు. సైన్యానికి ఆయనే సర్వసేనాని. యుద్ధం ప్రకటించడం, విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించడం, ఖజానా తాళాలు మాత్రం కాంగ్రెస్ చేతిలో ఉన్నాయి. అంతే. తటస్థంగా ఉండాలని ఎవరు నిర్ణయించాలి, చేసుకున్న సంధిని ఎవరు రద్దు చేయాలి, కొత్త ప్రభుత్వాన్ని గుర్తించేది ఎవరు అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు లేదు.

ఆ రాజ్యాంగం రాసిన 1787 ఫిలడెల్ఫియా సభలో ఆగస్టు 6 నాటి ముసాయిదా ప్రకారం సంధులు చేసేదీ రాయబారుల్ని నియమించేదీ సెనేటే. అధ్యక్షుడికి ఆ పనిలో వాటా లేదు. వేసవంతా వాదించుకుని అలసిపోయాక, సెప్టెంబరు మొదటి వారంలో, మిగిలిపోయిన అంశాలు చూసే కమిటీ అధ్యక్షుడిని ముందుకు తెచ్చింది. పెద్దగా చర్చ లేకుండానే అది నిలిచింది. ప్రపంచాన్ని ఇంత ప్రభావితం చేసిన అధికారం ఆఖరి రెండు వారాల సర్దుబాట్లలో పుట్టిందంటే ఆశ్చర్యమే.

మన పాఠకులు ఇక్కడ మన రాష్ట్రపతితో పోల్చుకుంటే దారి తప్పుతారు. మన రాజ్యాంగం 53వ అధికరణం కార్యనిర్వాహక అధికారాన్ని రాష్ట్రపతికే కట్టబెట్టినా 74వ అధికరణం ఆయన్ను మంత్రివర్గ సలహాకు కట్టేసింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949లో రాయబారిగా మాస్కో వెళ్లి స్టాలిన్‌తో ముఖాముఖి మాట్లాడారు. 1962లో రాష్ట్రపతి అయ్యాక, విదేశీ రాయబారుల నుంచి అధికార పత్రాలు అందుకున్నారేగానీ విదేశాంగ విధానంలో సొంత నిర్ణయాధికారం ఆయనకు లేదు. మనది బ్రిటిష్ బాట. అమెరికా వాళ్లు ఆ బాట వదిలేశారు, కొత్త బాట ఎటు పోతుందో వాళ్లకే తెలియదు.

అది తెలిసొచ్చింది 1793లో.

ఆ ఏడాది జనవరి 21న పారిస్‌లో పదహారో లూయీ తల తెగింది. ఫిబ్రవరి 1న ఫ్రాన్స్ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. అమెరికాకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి. స్వాతంత్ర్య యుద్ధంలో ఆదుకున్న ఫ్రాన్స్‌తో 1778లో రాసుకున్న సంధి ఉంది. వెస్టిండీస్‌లోని ఫ్రెంచి దీవులకు హామీ ఇచ్చిన సంధి అది. అటు చూస్తే వాణిజ్యమంతా బ్రిటన్‌తోనే, దిగుమతి సుంకాల డబ్బుతోనే ప్రభుత్వం నడుస్తోంది. యుద్ధ నౌకాదళం లేదు. కాంగ్రెస్ సమావేశాల్లో లేదు, డిసెంబరు దాకా కూడదు.

మౌంట్ వెర్నన్‌లోని సొంతింట్లో ఉన్న వాషింగ్టన్ హుటాహుటిన, అప్పటికి రాజధానిగా మారిన ఫిలడెల్ఫియా చేరుకుని, ఏప్రిల్ 18న మంత్రులకు 13 ప్రశ్నలు పంపాడు. తటస్థ ప్రకటన చేయాలా? ఫ్రాన్స్ కొత్త రాయబారిని స్వీకరించాలా? పాత సంధి ఇంకా చెల్లుతుందా? కాంగ్రెస్‌ను పిలవాలా? ప్రశ్నల వెనక ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ చెయ్యి ఉందని విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్‌కు అనుమానం. మర్నాడు అధ్యక్షుడి ఇంట్లో కూర్చున్నారు. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దైతే యుద్ధం వద్దనే అధికారమూ దానిదే కదా అన్నది జెఫర్సన్ లాజిక్. అయినా యుద్ధం ఆయనకూ ఇష్టం లేదు. చివరికి అటార్నీ జనరల్ ఎడ్మండ్ రాండాల్ఫ్ రాసిన ప్రకటన ఏప్రిల్ 22న వెలువడింది. జెఫర్సన్‌ను సముదాయించడానికి అందులో తటస్థత అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. దేశమంతా మాత్రం దాన్ని తటస్థ ప్రకటన అనే పిలిచింది.

వీళ్లు ఫిలడెల్ఫియాలో తలలు పట్టుకుని కూర్చునే వేళకే ఫ్రాన్స్ కొత్త రాయబారి ఎడ్మండ్ షార్ల్ జెనే దక్షిణాన చార్లెస్టన్ రేవులో దిగి రెండు వారాలైంది. వయసు ముప్ఫై. అధ్యక్షుడిని కలిసి అధికార పత్రాలు ఇవ్వకముందే పని మొదలుపెట్టేశాడు. అమెరికన్ నావికుల్ని కూలికి పెట్టుకుని, అమెరికా రేవుల్లోనే ఓడలకు ఫిరంగులు బిగించి, బ్రిటిష్ సరుకు ఓడల్ని కొల్లగొట్టడానికి పంపాడు. ఒక ఓడకు తన పేరే పెట్టుకున్నాడు. ఫిలడెల్ఫియాకు వచ్చే దారి పొడుగునా విందులు, పూలదండలు, విప్లవ గీతాలు. ఆ నీరాజనాలు చూసి, ఈ దేశంలో జనమే దేవుళ్లు, వాషింగ్టన్ వట్టి పూజారి అనుకున్నాడు. మే 18న వాషింగ్టన్ ఆయన్ను మర్యాదగా, ముభావంగా స్వీకరించాడు.

జులైలో అసలు గొడవ వచ్చింది. పట్టుకొచ్చిన ఒక బ్రిటిష్ ఓడకు పెటీట్ డెమొక్రాట్ అని పేరు మార్చి, దేశ రాజధాని రేవులోనే జెనే ఆయుధాలు ఎక్కిస్తున్నాడు. ఆపమని అడగడానికి జెఫర్సన్ స్వయంగా వెళ్లాడు. అప్పుడు వాళ్లిద్దరి మధ్య నడిచిన సంభాషణను జెఫర్సన్ రాసిపెట్టుకున్నాడు. నా మట్టుకు ఈ మొత్తం కథలో అంతకన్నా విలువైన కాగితం లేదు. ఇలాంటి సంగతులు కాంగ్రెస్ ముందు పెట్టాలి కదా, సార్వభౌమాధికారం వాళ్లది కాదా అని జెనే అడిగాడు. చట్టాలు చేయడంలో వాళ్లది, అమలు చేయడంలో అధ్యక్షుడిది, అర్థం చెప్పడంలో కోర్టులది అన్నాడు జెఫర్సన్. మరి సంధులు సరిగా అమలయ్యేట్టు చూసే బాధ్యత కాంగ్రెస్‌ది కాదా? కాదు, అది అధ్యక్షుడిది. సంధికి విరుద్ధంగా అధ్యక్షుడే తీర్పు చెబితే మరో దేశం ఎవరితో మొరపెట్టుకోవాలి? ఆయనే ఆఖరు, ఆయన పైన ఇంకెవరూ లేరు. జెనే వంగి నమస్కరించి, ఇలాంటి రాజ్యాంగానికి మిమ్మల్ని అభినందించలేనండీ అన్నాడు.

కాంగ్రెస్ హక్కుల కోసం మంత్రివర్గంలో పోట్లాడిన జెఫర్సనే పరాయి దేశం వాడి ముందు అధ్యక్షుడి అధికారాన్ని ఇంత గట్టిగా చెప్పాడు. అది రెండు నాల్కల ధోరణి కాదనే నేననుకుంటాను. ఇంట్లో గొడవలు ఎన్ని ఉన్నా వీధి గుమ్మంలో మాట్లాడేది ఒక్కరే ఉండాలని 1790లోనే ఒక అభిప్రాయ పత్రంలో ఆయన తేల్చిచెప్పాడు. విదేశాలతో వ్యవహారం పూర్తిగా అధ్యక్షుడిది, సెనేట్‌కు ప్రత్యేకంగా అప్పజెప్పినవి మాత్రమే మినహాయింపులు, ఆ మినహాయింపుల్ని సాగదీయకూడదు అన్నాడు. జెనే ఒకసారి కాన్సుల్ నియామక పత్రాన్ని అమెరికా కాంగ్రెస్ పేర పంపితే, చిరునామా తప్పని తిప్పి పంపిందీ జెఫర్సనే. విదేశాలకు ఈ దేశంతో మాట్లాడే దారి అధ్యక్షుడొక్కడే అని దానికి జతగా రాశాడు.

ఆ ఓడ మాత్రం ఆగలేదు. జెఫర్సన్ చెప్పింది గాలికొదిలేసి సముద్రంలోకి వెళ్లిపోయింది. వాషింగ్టన్ మాట కాదని నేరుగా ప్రజలకే మొరపెట్టుకుంటానని జెనే బెదిరించిన సంగతి బయటికి పొక్కింది. పూలదండలు వేసిన జనమే మొహం తిప్పుకున్నారు. ఆగస్టులో మంత్రివర్గం జెనేను వెనక్కి పిలవమని ఫ్రాన్స్‌ను కోరాలని నిర్ణయించింది. పంపినవాడిని తిరిగి పొమ్మనే ఈ అధికారం కూడా రాజ్యాంగంలో రాసి లేదు. రాయబారుల్ని స్వీకరించాలన్న ఒక్క ముక్క నుంచి పిండారు. ఈలోగా పారిస్‌లో జెనే మనుషుల తలలు ఎగిరిపోయాయి. అక్కడ అధికారానికొచ్చిన జాకొబిన్ వర్గం పంపిన కొత్త రాయబారి ఇతన్ని అరెస్టు చేసి అప్పజెప్పమన్నాడు. అంత వేధించిన మనిషిని వాషింగ్టన్ గిలటీన్‌కు పంపలేదు, ఉండనిచ్చాడు. జెనే న్యూయార్క్ గవర్నర్ జార్జి క్లింటన్ కూతురిని పెళ్లాడి, అక్కడే సేద్యం చేసుకుంటూ 1834లో కన్నుమూశాడు.

అదే వేసవిలో పత్రికల్లో మరో యుద్ధం నడిచింది. హామిల్టన్ పసిఫికస్ అన్న మారుపేరుతో ఏడు వ్యాసాలు రాశాడు. కాంగ్రెస్‌కు రాజ్యాంగం ఇచ్చింది ‘ఇందులో పేర్కొన్న’ శాసనాధికారాలు మాత్రమే, అధ్యక్షుడికి ఇచ్చింది కార్యనిర్వాహక అధికారం మొత్తం అని ఆయన పట్టుకున్న పాయింటు. కాబట్టి విదేశాంగంలో ప్రత్యేకంగా తీసేసినవి పోగా మిగిలిందంతా అధ్యక్షుడిదే. జెఫర్సన్ ఊరుకోలేక, కలం పట్టి వీడిని చీల్చి చెండాడమని జేమ్స్ మాడిసన్‌ను పురమాయించాడు. మాడిసన్ హెల్విడియస్ పేరుతో అయిదు వ్యాసాలు రాశాడు. యుద్ధం, సంధి రాజుల హక్కులు, వాటిని ఇంగ్లండు నుంచి అరువు తెచ్చుకుని అధ్యక్షుడికి తొడుగుతున్నారని ఎత్తిపొడిచాడు. యుద్ధం నడిపేవాడికే యుద్ధం మొదలుపెట్టే అధికారం ఇవ్వకూడదన్నది ఆయన అసలు వాదన. అందులో చేవ ఉంది. హామిల్టన్‌ను ఆయన పట్టుకున్న తీరు కూడా ముచ్చటైనది. 1788లో రాజ్యాంగాన్ని ఒప్పించడానికి రాసిన వ్యాసంలో రాయబారుల్ని స్వీకరించడం హోదాకు సంబంధించిన లాంఛనమేగానీ పెద్ద అధికారమేమీ కాదని నమ్మబలికిన హామిల్టన్, 1793లో అదే లాంఛనం నుంచి కొత్త ప్రభుత్వాల్ని గుర్తించే అధికారాన్నంతా లాగాడు. ఓట్లు కావాల్సినప్పుడు ఒక మాట, అధికారం చేతికొచ్చాక మరో మాట అనేది మనకేం కొత్త కాదు.

వాదనలో ఎవరు గెలిచారన్నది పక్కనపెట్టి వాషింగ్టన్ ఏం చేశాడో చూడాలి. సంధికి అర్థం చెప్పమని జులైలో సుప్రీం కోర్టుకు 29 ప్రశ్నలు పంపాడు. ప్రధాన న్యాయమూర్తి జాన్ జే, మిగతా న్యాయమూర్తులు, కేసు లేకుండా సలహాలు చెప్పడం మా పని కాదని మర్యాదగా తప్పుకున్నారు. తటస్థ ప్రకటనను ఉల్లంఘించాడని ఒక నావికుడి మీద కేసు పెడితే జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. చట్టమే లేకుండా వట్టి ప్రకటనతో మనిషిని జైల్లో పెట్టలేమని తేలిపోయింది. డిసెంబరులో కాంగ్రెస్ కూడగానే వాషింగ్టన్ జరిగినదంతా వాళ్ల ముందు పెట్టి, దిద్దుతారో బలపరుస్తారో మీ ఇష్టం అన్నాడు. 1794 జూన్‌లో కాంగ్రెస్ తటస్థతా చట్టం చేసింది. తర్వాతి అధ్యక్షులు వాషింగ్టన్ పేరు చెప్పి ఏప్రిల్ ప్రకటనను చూపిస్తారు. డిసెంబరు ప్రసంగాన్ని చూపించరు.

ఇక మూడో ఘట్టం. మధ్యధరా నుంచి వెస్టిండీస్ దాకా అమెరికా ఓడల గతి ఏం బాగాలేదు. బ్రిటన్ వందల ఓడల్ని పట్టుకుంది, 1783లో ఖాళీ చేస్తామన్న సరిహద్దు కోటల్ని ఖాళీ చేయలేదు. మళ్లీ యుద్ధం తప్పదనుకుంటున్న సమయంలో, 1794 ఏప్రిల్‌లో, వాషింగ్టన్ సాక్షాత్తూ సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ జేనే లండన్‌కు రాయబారిగా పంపాడు. సెనేట్ ఆయన నియామకాన్ని 18-8తో ఒప్పుకుంది. ఏం మాట్లాడాలో ఇచ్చిన ఆదేశాలు మాత్రం సెనేట్‌కు చూపించలేదు. అయిదేళ్ల కిందట ఏడు అంశాలూ పట్టుకుని సభకు వెళ్లిన మనిషే ఇతను. ఇప్పుడు సలహా అన్న మాట కాగితం మీద మిగిలింది, సమ్మతి ఒక్కటే బతికింది.

నవంబరు 19న సంధి కుదిరింది. 1795 మార్చిలో వాషింగ్టన్ చేతికందింది. చదివి గుట్టుగా దాచాడు. జూన్‌లో సెనేట్‌ను ప్రత్యేకంగా పిలిపించి ముందు పెట్టాడు. పన్నెండో అధికరణం తీసేసి జూన్ 24న 20-10తో ఆమోదించారు. సరిగ్గా మూడింట రెండు వంతులు, ఒక్క ఓటు తగ్గినా పడిపోయేది. పన్నెండో అధికరణాన్ని ఎందుకు తీసేశారంటే, వెస్టిండీస్‌కు 70 టన్నులకు మించని చిన్న ఓడలనే రానిస్తామని బ్రిటన్ అందులో షరతు పెట్టింది. వర్జీనియా సెనేటర్ ఒకరు ప్రతిని ఫిలడెల్ఫియా పత్రికకు అందించేసరికి దేశం భగ్గుమంది. ఊరూరా జే దిష్టిబొమ్మలు తగలబెట్టారు. న్యూయార్క్ సభలో సంధిని సమర్థించబోయిన హామిల్టన్ మీద రాళ్లు పడ్డాయి. వాషింగ్టన్ నెలన్నర తటపటాయించి ఆగస్టులో సంతకం పెట్టాడు.

కథ అక్కడితో అయిపోవాలి. రాజ్యాంగం ప్రకారం ప్రతినిధుల సభకు సంధితో పని లేదు. కానీ సంధి అమలుకు డబ్బు కావాలి, డబ్బు వాళ్ల దగ్గరుంది. 1796 మార్చిలో న్యూయార్క్ సభ్యుడు ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ తీర్మానం పెట్టాడు: జేకు ఇచ్చిన ఆదేశాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ సభ ముందుంచాలి. మార్చి 24న 62-37తో నెగ్గింది. వాషింగ్టన్ వారం లోపే, మార్చి 30న, ఇవ్వనని తిప్పికొట్టాడు. విదేశాలతో బేరసారాలకు గోప్యత కావాలన్నాడు. అభిశంసనకు తప్ప సభకు ఆ కాగితాలతో అవసరం లేదు, అభిశంసన మాట తీర్మానంలో లేదు అన్నాడు. ఆపైన ఒక బాణం వదిలాడు. 1787 ఫిలడెల్ఫియా సభ కార్యక్రమాల పుస్తకం ముగింపు రోజు నుంచీ ఆయన దగ్గరే భద్రంగా ఉంది. తొమ్మిదేళ్లు ఎవరికీ చూపించని ఆ పుస్తకాన్ని ఆ నెలలోనే విదేశాంగ శాఖలో జమ చేశాడు. చట్టం ద్వారా ధ్రువీకరిస్తేనే సంధి చెల్లాలన్న ప్రతిపాదనను ఆనాటి సభ తోసిపుచ్చిందని అందులోంచి చూపించాడు. ప్రతినిధుల సభలో ఎదురుగా కూర్చున్న నాయకుడు మాడిసన్. రాజ్యాంగ సభలో రోజూ ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్న మాడిసన్‌కు, తన సొంత సభ రికార్డుతోనే జవాబొచ్చింది.

అయినా సభ కాగితాల మీద పట్టు వదల్లేదు, డబ్బు మీద వదిలింది. ఏప్రిల్ 29న సభాకమిటీలో 49-49 అయింది. కమిటీ అధ్యక్ష స్థానంలో ఉన్న పెన్సిల్వేనియా సభ్యుడు ఫ్రెడరిక్ మ్యూలెన్‌బర్గ్ తన ఓటు సంధి వైపు వేశాడు. మర్నాడు 51-48తో నిధులు మంజూరయ్యాయి. మూడు ఓట్ల తేడా. అటూ ఇటూ అయ్యుంటే అధ్యక్షుడి సంతకానికీ సెనేట్ ఆమోదానికీ ఖజానా ముందు ఎంత విలువో ఆనాడే తేలిపోయేది.

ఇక్కడి నుంచి నూట నలభై ఏళ్లు ముందుకు దూకాలి. దారిలో ఒక మజిలీ ఉంది: 1800లో ప్రతినిధుల సభలో జాన్ మార్షల్ అనే సభ్యుడు ఒక ప్రసంగం చేశాడు. బ్రిటిష్ యుద్ధనౌకలో తిరుగుబాటు చేసిన నావికుడిని జే సంధి ప్రకారం అధ్యక్షుడు ఆడమ్స్ అప్పగించడం తప్పు కాదని వాదిస్తూ, విదేశీ వ్యవహారాల్లో దేశం గొంతు అధ్యక్షుడొక్కడే అన్నాడు. ఆయన చెప్పింది ఇప్పటికే ఆమోదం పొందిన సంధిని అమలు చేసే సందర్భంలో. 1936లో సుప్రీం కోర్టు న్యాయమూర్తి జార్జి సదర్లాండ్, బొలీవియాకు ఆయుధాలు అమ్మడానికి కుట్ర పన్నిందని కర్టిస్ రైట్ కంపెనీ మీద పెట్టిన కేసులో ఆ మాటను సందర్భం నుంచి ఊడబెరికి, రాజ్యాంగంతో నిమిత్తం లేని సహజాధికారంగా అధ్యక్షుడికి తొడిగాడు. నిజానికి ఆ కేసులో అధ్యక్షుడు రూజ్వెల్ట్ నిషేధం పెట్టింది కాంగ్రెస్ చేసిన తీర్మానం ఇచ్చిన అధికారంతోనే. అయినా ఆ తర్వాత ప్రతి అధ్యక్షుడి న్యాయవాదులూ ఆ తీర్పునే జపించారు. చెడ్డ చరిత్ర మీద కట్టిన తీర్పు అది. జెరూసలేంలో పుట్టిన ఒక పిల్లవాడి పాస్‌పోర్టులో దేశం పేరు ఏం రాయాలన్న కేసులో 2015లో సుప్రీం కోర్టు దాని రెక్కలు కొంత కత్తిరించింది. దేశాల్ని గుర్తించే అధికారం అధ్యక్షుడిదే, కాంగ్రెస్ కాదనలేదు అంది. విదేశాంగమంతా ఆయన సొత్తు అనడానికి మాత్రం ఒప్పుకోలేదు. హామిల్టన్ మాటకు అరమార్కు, మాడిసన్ మాటకు అరమార్కు.

సెనేట్ తన మూడింట రెండు వంతుల కత్తిని పెద్దగా వాడింది ఒకసారి. 1919 జులైలో అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వెర్సాయ్ సంధిని స్వయంగా సెనేట్‌కు తీసుకెళ్లాడు. అప్పటికి సంతకాలైపోయాయి, అడగడానికి సలహా ఏమీ మిగల్లేదు. ఆ నవంబరులో సంధి ఓడిపోయింది. మరుసటి మార్చిలో 49-35 వచ్చినా ఏడు ఓట్లు తగ్గాయి. ఆ దెబ్బతో తర్వాతి అధ్యక్షులు సంధి అన్న పేరే తగ్గించి, ఒప్పందాలను వేరే దారుల్లో నడిపించడం బాగా నేర్చుకున్నారు.

ఆ దారుల్లో ఒకటి మన గుమ్మం ముందుకూ వచ్చింది. 2008 భారత అమెరికా పౌర అణు ఒప్పందం సెనేట్ మూడింట రెండు వంతుల సంధిగా వెళ్లలేదు. 1954 నాటి వాళ్ల అణుశక్తి చట్టం 123వ సెక్షన్ కింద రెండు సభల్లోనూ మామూలు బిల్లుగా నెగ్గింది. సెనేట్‌లో 86-13. మనకు ఒప్పందం మీద పార్లమెంటు ఓటు అవసరమే లేదు. అయినా దాని పుణ్యమా అని జులై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 275-256తో విశ్వాస పరీక్ష గట్టెక్కాల్సి వచ్చింది. అమెరికా రియాక్టర్లకు చోటుగా అనుకున్న శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ మత్స్యకారులకు ఈ సెక్షన్ల గొడవ తెలియకపోవచ్చు. ఆ కాగితం ఏ సభలో ఎలా నెగ్గిందన్నదానికి వాళ్ల ఊరితో సంబంధం మాత్రం ఉంది.

వాషింగ్టన్ ఎనిమిదేళ్లలో చేసిందేమిటంటే, రాజ్యాంగం ఖాళీగా వదిలిన జాగాలో ముందుగా వెళ్లి నిలబడటం. కాంగ్రెస్ డిసెంబరుకు వచ్చేసరికి ఆయన అక్కడ ఉన్నాడు. ఆయన గొప్పతనమల్లా కాంగ్రెస్ వచ్చాక తలుపు మూయకపోవడం. సెనేట్ గడప తొక్కకపోయినా చట్టం కోసం, డబ్బు కోసం వాళ్ల దగ్గరికే వెళ్లాడు. తర్వాత వచ్చిన వాళ్లందరి గురించీ ఇదే మాట చెప్పలేం.

వచ్చే భాగంలో జెఫర్సన్ స్వయంగా అధ్యక్షుడవుతాడు. కాగితాలు అడిగిన ఎడ్వర్డ్ లివింగ్‌స్టన్ అన్న రాబర్ట్ లివింగ్‌స్టన్, జేమ్స్ మన్రో కలిసి 1803లో పారిస్‌లో కోటీ యాభై లక్షల డాలర్లకు 8,28,000 చదరపు మైళ్ల లూసియానాను బేరమాడతారు. రాజ్యాంగంలో ఎక్కడా లేని ఆ కొనుగోలుకు, అక్షరం అక్షరం పట్టి చదవాలన్న జెఫర్సన్ ఎలా సంతకం పెట్టాడో అప్పుడు చూద్దాం.